తిరుపతిలో చెల్లని గుండు

తిరుపతిలో గుండు కొట్టించుకుని లోకానికి దుఃఖం చూపించాలనుకునేవాడి తెలివి ఎంతటిదో జాహ్నవి ఆ రోజే చూసింది. ఊళ్ళో కనిపించే తలల్లో సగం గుండ్లే. అందులో ఇంకొకటి పెరిగితే పట్టించుకునేదెవరు?

ఆ గుండు రఘునాథ్‌ది. బస్టాండు ఎదురుగా ఆమె నడిపే ఎస్టీడీ బూత్ పక్కనే అతని జ్యూస్ షాపు. బంగారుపాళ్యం నుంచి వచ్చి, సరిగ్గా కార్తీకమాసంలో, తుఫాను వానలు పట్టుకున్న వారమే ఐసు వేసిన మామిడి రసం పెట్టిన మహానుభావుడు. షాపు మూతపడింది. అది విని అతనికి కుదిరిన కార్వేటినగరం పెళ్ళికూతురి వాళ్ళు తాంబూలాలు వెనక్కి పంపేశారు. కబురు అందిన మర్నాడే అయ్యగారు కొండెక్కి తలనీలాలు ఇచ్చి వచ్చారు. చూసినవాళ్ళంతా అయ్యో అంటారని ఆశ.

వాళ్ళు లడ్డూలు అడిగారు.

"ఏం సామీ, దర్శనం బాగా అయిందా? ప్రసాదం యాడ?" అన్నాడు ఆటో పెంచలయ్య. పూలమ్మే సుబ్బులమ్మయితే చెయ్యి చాపేసి నిలబడింది.

జాహ్నవి నవ్వు దాచుకోడానికి రిసీవర్ అడ్డం పెట్టుకుంది. అంతలో వాన దంచికొట్టింది. అతను బూత్‌లోకి దూరి ముడుచుకుని నిలబడ్డాడు.

"నీక్కూడా నవ్వులాటగా ఉండాదా?"

"ఏడ్సాలంటే సెప్పప్పా, ఏడుస్తా. ఈ కాల్ అయిపోనీ."

"నా లైఫ్ అయిపోయింది జాహ్నవీ. సాయంత్రం ఓనరుకు తాళం ఇచ్చేసి ఊరికి పోతాండా."

పక్క షట్టర్ లేచే చప్పుడు వినాలనే ఆమె రోజూ పెందలాడే వచ్చేది. ఆ సంగతి బయటపెట్టే మనిషి కాదు గనుక కోపం తెచ్చుకుంది.

"పో. వానల్లో ఐసు అమ్మి మునిగినోడు లోకంలో నువ్వొక్కడివేనని బోర్డు రాయించి మరీ పో."

"తాంబూలాలు వెనక్కొస్తే తెలుస్తాది నీకు."

"నాకు రెండుతూర్లు వచ్చినాయి," అంది జాహ్నవి బిల్లు చింపుతూ. "ఒకతూరి కార్డులు అచ్చేసినాక. మర్నాడు పొద్దున్నే బూత్ తెరిసినా. ఎవురో మదనపల్లికి ఫోన్ చేసుకోవాల. నా ఏడుపు అయ్యేదాకా ఆగుతారా?"

"బాధ లేదా నీకు?"

"లేకేం. కండ్లు ఏడిస్తే చేతులకేమైందప్పా? అవి నంబర్లు నొక్కతానే ఉన్నాయి."

అతనికి సిగ్గేసింది.

"ఇప్పుడు నన్నేం అమ్మమంటావు?"

"బయట సూడు. కొండ దిగొచ్చినోళ్ళంతా తడిసి వణకతా ఉండారు. వేడిగా మిరియాల పాలు కాయి. మామిడి సంగతి ఎండలొచ్చినాక సూద్దాం."

తాళం ఓనరుకు చేరలేదు. పొద్దుగూకే లోపే షట్టర్ లేచింది. మొదటి గ్లాసు బూత్‌లోకే వచ్చింది. ఆమె ఒక గుక్క తాగి మొహం చిట్లించింది.

"మిరియాలు ఎక్కువ. తాగినోడు మళ్ళా ఈ పక్కకి రాడు."

"రేపు తగ్గిస్తా."

"రేపు తెరుస్తావా?"

"తెరుస్తా. నువ్వు పక్కనుంటే ఎప్పుడూ తెరుస్తా." అతను తడబడ్డాడు. "ఊరికే అనలే. నన్ను చేసుకుంటావా అని అడగతాండా."

ఆమె ముందు గ్లాసు ఖాళీ చేసింది. సంతోషం మొహం మీదికి రాకుండా ఆపడానికి ఆ మాత్రం సమయం కావాల్సి వచ్చింది.

"మా నాయన రేపు బూత్ కాడికి వస్తాడు. ఆయన్ని అడుగు. మొదట కాదనే అంటాడు."

"అంటే?"

"మర్నాడు వచ్చి మళ్ళా అడగాల."

ఆమె తండ్రి గంగాధరం కాదనే అన్నాడు. మర్నాడూ కాదన్నాడు. ఆ తర్వాతి రోజు పాల దగ్గర జనం ఎక్కువై రఘునాథ్ రావడం ఆలస్యమైంది. గంగాధరం రెండుసార్లు వీధిలోకి తొంగిచూసి కూతురి వైపు తిరిగాడు.

"ఏమ్మా, ఆ పిల్లోడు ఇంకా రాలేదే?"