భుజంగరావుగారి అభ్యంతరం

రెండు వందల పదిహేడో ఎపిసోడ్‌లో సుమిత్రకి పెళ్ళయిపోయింది. వేణుతో కాదు.

భుజంగరావు భుజం మీది తువ్వాలు తీసి నేలకేసి కొట్టాడు. "వీడసలు తండ్రేనా!" అని టీవీ మీదికి అరిచాడు.

వీడంటే సుమిత్ర తండ్రి. వేణుది వేరే కులమని, ఏడుస్తున్న పిల్లని తీసుకెళ్ళి ఎవడో కాంట్రాక్టరుకి కట్టబెట్టాడు.

వంటింట్లోంచి ప్రభావతి తొంగి చూసింది. "ఏమైందండీ?"

"ఏం లేదు. వార్తల కోసం చూస్తున్నా."

సీరియళ్ళు ఆడవాళ్ళ వ్యవహారమని ఊరందరి ముందూ తేల్చేసిన మనిషాయన. గూడూరు పక్క పల్లెలో పన్నెండెకరాల రైతు. పది నెలలుగా రోజూ ఏడున్నరకల్లా టీవీ ముందు కూర్చుని వార్తల కోసమే చూస్తున్నాడు. వార్తలొచ్చేది ఎనిమిదికి.

పక్కగదిలో కూతురు హారిక ఆ అరుపు విని, నవ్వాలో ఏడవాలో తెలీక దిండులో మొహం దాచుకుంది. ఆమె బందరులో ఒక కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెబుతుంది. పదిహేను రోజుల క్రితం, అక్కడి పోస్టాఫీసులో పనిచేసే కౌండిన్యని చేసుకుంటానని తండ్రితో చెప్పింది.

"వాళ్ళు మనవాళ్ళు కాదు. ఆ పేరు ఇంకోసారి ఈ ఇంట్లో వినపడకూడదు," అన్నాడు భుజంగరావు. ఆ రోజు నుంచి తండ్రీకూతుళ్ళ మధ్య మాటల్లేవు.

మర్నాటికీ ఆయన కోపం తగ్గలేదు. ఛానెల్ వాళ్ళకి ఉత్తరం రాసి కడిగెయ్యాలి. కానీ మోటారు షెడ్డు తలుపులో పడి నలిగిన కుడిచేతికి కట్టుంది. కూతురు మాట్లాడదు. భార్యనడిగితే పరువు పోతుంది. అందుకని గూడూరు పోస్టాఫీసుకి వెళ్ళాడు.

కౌంటర్లో కొత్త కుర్రాడున్నాడు. మధ్యాహ్నం కావడంతో జనం లేరు.

"బాబూ, ఒక ఉత్తరం రాసిపెడతావా? చెయ్యి బాలేదు."

"చెప్పండి బాబాయిగారూ."

"డైరెక్టరుగారికి. నిన్నటి ఎపిసోడ్ చూశాక నాకు అన్నం సయించలేదు. సుమిత్ర తండ్రి పరమ దుర్మార్గుడు."

కుర్రాడు తలెత్తాడు. "మా అమ్మ కూడా నిన్న సగంలో టీవీ కట్టేసిందండి."

"కట్టేస్తుంది మరి! రాయి. కులం చూసినవాడు కన్నకూతురి మొహం చూడలేదు. పిల్ల సుఖం కంటే పదిమంది మాటే వాడికి ఎక్కువైపోయింది. ఇలాంటి తండ్రిని చూపించి జనానికి ఏం నేర్పుదామని?"

"చాలా బాగా చెప్పారండీ," అన్నాడు కుర్రాడు మనస్ఫూర్తిగా.

భుజంగరావు మీసం సర్దుకున్నాడు. "కింద నా పేరు రాయి. భుజంగరావు." ఊరి పేరు కూడా చెప్పాడు.

పెన్ను ఆగిపోయింది.

"ఏం, ఇంకు అయిపోయిందా?"

కుర్రాడు లేచి నిలబడ్డాడు. "సంతకం పెట్టేముందు ఒక్క మాటండీ. నా పేరు కౌండిన్య. సోమవారమే బందరు నుంచి ఇక్కడికి వేశారు."

భుజంగరావు మొహం ఎర్రబడింది. ఉత్తరం లాక్కుని జేబులో కుక్కుకున్నాడు. "సీరియల్ వేరు, సంసారం వేరు!" అని గుమ్మంలోంచి అరిచి మరీ వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం బందరు కోనేరు సెంటర్లో వాన. ఒక కొట్టు చూరు కింద, ఒకే గొడుగుతో, హారిక కౌండిన్యని నిలదీసింది.

"సంతకం పెట్టించుకున్నాక చెప్పొచ్చుగా!"

"పెట్టించుకుని? మీ నాన్నని బ్లాక్‌మెయిల్ చెయ్యనా?"

"చెయ్యాలి మరి! ఇంతకీ ఆయన్ని ఏమని పిలిచావు?"

"బాబాయిగారూ అని."

"బాబాయా? అంటే నేను నీకు చెల్లెల్నా?"

కౌండిన్య నాలిక్కరుచుకున్నాడు. హారిక పగలబడి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "నన్ను కూడా అలా ఎవడికో ఇచ్చేస్తే?"

"సుమిత్ర వాళ్ళ నాన్న ఏమన్నా తలూపింది. నువ్వు ఊపలేదుగా."

గొడుగు ఆమె వైపు వంచాడు. అతని భుజం పూర్తిగా తడిసిపోయింది. చూసి కూడా, ఆమె లోపలికి జరగమని చెప్పలేదు.

మర్నాడు పొద్దున బట్టలు నానబెడుతుంటే ప్రభావతికి చొక్కా జేబులో ఉత్తరం దొరికింది. టిఫిన్ల దగ్గర గట్టిగా చదివింది. సిగ్గుతో సగం మాటలు చెవికెక్కని భుజంగరావు ఇడ్లీలోంచి తల ఎత్తలేదు.

"మాటలు బంగారంలా ఉన్నాయి. ఎవరు రాశారండీ?"

"మాటలు నావే," గొణిగాడాయన.

"చేతిరాత కౌండిన్యది," అంది హారిక. పదిహేడు రోజుల తర్వాత తండ్రి ముందు ఆమె నోట వచ్చిన మొదటి మాట అది.

భుజంగరావు ఉత్తరం లాక్కుని మొదటిసారి తనే చదివాడు. రెండో వాక్యం దగ్గర ఆగిపోయాడు. "పరమ దుర్మార్గుడు అని చెప్పాను నేను. వీడేం రాశాడో చూడు. 'ఆ తండ్రి తొందరపడ్డాడు. ప్రేమ లేక కాదు, భయపడి.' ఇది నేను చెప్పలేదే!"

ఆ వాక్యం మళ్ళీ చదివాడు.

"అప్పటికి వాడికి నేనెవరో కూడా తెలీదు," అన్నాడు కాసేపటికి, తనలో తను.

శనివారం సాయంత్రం కౌండిన్య కౌంటర్ మూస్తుంటే భుజంగరావు గొడుగు దులుపుకుంటూ వచ్చాడు.

"మీ నాన్నగారు ఇంట్లో ఎప్పుడుంటారు?"

"రిటైరయ్యారండీ. ఎప్పుడూ ఇంట్లోనే. కానీ... మా నాన్న కూడా ఇంకా ఒప్పుకోలేదండి."

"ఎందుకూ? మా పిల్లకేం తక్కువ?"

"కులం వేరని..."

"ఈ రోజుల్లో ఇంకా కులమేంటయ్యా!" భుజంగరావు గొడుగు నేలకేసి కొట్టాడు. "పద. బందరు బస్సెక్కుదాం. ఆయనతో నేను మాట్లాడతా."

కౌండిన్య తండ్రి రాధాకృష్ణమూర్తి రిటైరైన తెలుగు మేష్టారు. ఆయన భుజంగరావు ఉపన్యాసం గంటసేపు విన్నారు. మధ్యలో రెండుసార్లు అభ్యంతరం చెప్పబోయారు. సందు దొరకలేదు. చివరికి ఆయన భార్య భ్రమరాంబ కాఫీలు తెచ్చి, "అమ్మాయి ఈ ఊళ్ళోనే ఉందిటగా. ఒకసారి రమ్మనరా," అంది కొడుకుతో.

కౌండిన్య ఫోన్ చేసి, రమ్మని తప్ప ఇంకేమీ చెప్పలేకపోయాడు.

హారిక తడుస్తూ, భయపడుతూ వచ్చేసరికి భుజంగరావు కౌండిన్య వాళ్ళ వరండాలో పడక్కుర్చీలో కూర్చుని రెండో కాఫీ తాగుతున్నాడు.

"అలా నిలబడ్డావేం? కాళ్ళు తుడుచుకుని లోపలికి రా," అన్నాడు, అది తన ఇల్లే అయినట్టు.