లారీలకు కొట్టిన కొబ్బరికాయ

అది 1994. విశ్వకర్మ పూజనాటి ఉదయం, కలకత్తాలోని ఖిదిర్‌పూర్ ఆకాశం నిండా గాలిపటాలు. టీ మరిగిస్తున్న కాసులమ్మకు జూట్ మిల్లు నడిచిన రోజులు గుర్తొచ్చాయి. ఈ పండక్కి భర్త కూర్మయ్య మిషన్లకు బంతిపూల దండలు కట్టి, కిచిడీ ప్రసాదంతో ఇంటికొచ్చేవాడు. చొక్కా నిండా జనపనార పీచే.

గుమ్మం ముందు కారు ఆగింది. ఒకప్పుడు సైకిలు మీద తిరిగిన యూనియన్ నాయకుడు మృత్యుంజయబాబు కొబ్బరికాయతో దిగాడు.

"కూర్మయ్య దాదా, మన మిల్లు సేఠ్ కొత్త గోడౌను తెరుస్తున్నారు. కాయ మీ చేత్తోనే కొట్టించాలట. మీ సూరికి అక్కడ ఉద్యోగం ఖాయం. గంటలో వచ్చి తీసుకెళ్తాను."

కాయ కూర్మయ్య పక్కన పెట్టి, అతను కారెక్కి వెళ్లిపోయాడు.

"ఎల్లు నాన్నా, కాయే కదా!" అన్నాడు కొడుకు అప్పలసూరి.

"నానెల్లను."

"ఆవేళ ఎల్లావు కదా? మిషన్లు మరమ్మతుకని లారీలెక్కిస్తే, మనూరి అలవాటని కాయ కొట్టి మరీ సాగనంపావు. తిరిగొచ్చాయేటి? మిల్లుకి తాళం పడింది. నీ కాయ వల్లే మిల్లు పోయిందని బస్తీ అంతా ఇప్పటికీ నిన్నే అంటారు."

కాసులమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. ఆ మాట మొదట అన్నది తనే. బియ్యం నిండుకున్న రోజున, కుళాయి దగ్గర, అందరూ వినేలా అంది.

"మిషన్లు అమ్ముకున్నోడు సేఠు. మరమ్మతేనని మైకులో సెప్పినోడు ఈ బాబు. ఆళ్లనెవులూ అడగలేదు," అన్నాడు కూర్మయ్య. "రేపు గోడౌనుకి తాళం పడితే, మళ్లీ కాయ కొట్టినోడే దొరుకుతాడు. అప్పుడు నువ్వూ నన్నే అంటావురా."

సూరి తల దించుకున్నాడు. కాసులమ్మ కొబ్బరికాయ అందుకుని రోటిమీద ఠపీమని కొట్టింది.

"ఏటమ్మా అది!"

"సట్నీకి." ఆమె భర్త వైపు తిరిగింది. "ఆళ్లని అడిగే దమ్ము నేక, నిన్నన్నానయ్యా."

గంట తరవాత కారు హారన్ మోగింది. కూర్మయ్య లేవబోతే సూరి భుజం నొక్కి కూర్చోబెట్టి, తనే వీధిలోకి వెళ్లాడు.

"మా నాన్న రాడు దాదా. ఆ లారీలు ఎక్కడికెళ్లాయో ముందు మీరు చెప్పండి," అని బెంగాలీలో, బస్తీ అంతా వినేలా అడిగాడు.

కారు అద్దం మెల్లగా పైకి లేచింది. ఉద్యోగం కూడా ఆ కారుతోనే వెళ్లిపోయింది.

కాసులమ్మ నవ్వబోయి ఏడ్చేసింది. కూర్మయ్య ఓ కొబ్బరిముక్క తీసి ఆమె అరచేతిలో పెట్టాడు, మిల్లు రోజుల్లో ప్రసాదం పెట్టినట్టే.