కడిగేసిన చీమలు

మధ్యాహ్నం భోజనాల దగ్గర మొదటి ముక్క నోట్లో పెట్టుకోగానే మిర్తా మొహం ముడుచుకుపోయింది. గబగబా గుమ్మం బయటికి వెళ్లి ఉమ్మేసింది.

"ఛీ, చేదు విషం! దీన్ని పందులు కూడా ముట్టవు."

ఆమె తండ్రి ఎలాదియో ఉడికిన చిలగడదుంపను కత్తితో చీల్చి చూశాడు. లోపలంతా నల్లటి బొక్కలు. ముక్కుపురుగు తొలిచేసింది. పొద్దున తవ్విన మిగతా దుంపల్నీ కోసి, బాగున్నవి ఏరితే బుట్ట అడుగు కూడా నిండలేదు. క్యూబాలోని ఆ పల్లెలో, ఆ ఇంటికి చలికాలమంతా కడుపు నింపాల్సిన పంట అది.

"చీమలు కాపలా కాస్తాయన్నావు కదా నాన్నా! కాశాయి, బ్రహ్మాండంగా!" అంది మిర్తా. "ఈసారి ఎక్కడ దొరికినా సరే, మందు తెచ్చి కొడతాను. నీ చీమల వైద్యం ఇక చాలు."

ఊళ్లో సగం మందికి ఆ వైద్యం నేర్పింది ఎలాదియోనే. అరటి బోదె ముక్కలకు చక్కెర నీళ్లు పూసి, పురుగుల్ని వేటాడే, అక్కడివాళ్లు సింహపు చీమలనే వాటి పుట్ట దగ్గర పెట్టేవాడు. చీమలు వాటిలో చేరాక, ఎండెక్కకముందే తెచ్చి దుంప తోటలో సర్దాలి. బోదె ఎండిపోగానే చీమలు నేలలోకి దిగి కాపురం పెడతాయి. దుంపల జోలికొచ్చిన పురుగు పిల్లల్ని తినేస్తాయి.

"ముసలాణ్ణయిపోయాను. మంచి పుట్ట ఏదో కూడా తెలియడం లేదు," అన్నాడాయన.

పక్కన కూర్చున్న మనవరాలు నియూర్కా కంచం ముట్టలేదు. పదకొండేళ్ల ఆ పిల్లకు తప్పెవరిదో తెలుసు. ఈసారి బోదెలు మోసింది తనే. చేతి మీద చీమలు కుట్టేసరికి ఏడుపొచ్చి, ప్రతి ముక్కనూ కాలవలో ముంచి కడిగేసింది. ఖాళీ బోదెల్ని ముచ్చటగా వరసలో సర్ది, తాత మెచ్చుకుంటే నోరు మూసుకుని ఊరుకుంది.

"తాతా, పుట్ట మంచిదే," అంది చివరికి. "కుడుతున్నాయని నేనే కాలవలో కడిగేశాను. తోటలో పెట్టినవన్నీ ఖాళీవి."

మిర్తా చెయ్యెత్తి, మళ్లీ దించేసింది. ఎలాదియో తిట్టినా బాగుండేది. కంచం పక్కకు జరిపి లేచాడు.

"పంట చేతికొచ్చేదాకా చెప్పలేదన్నమాట," అని మాత్రం అన్నాడు.

మళ్లీ తీగలు నాటారు. మిర్తా మందు మాట ఎత్తలేదు. బోదెలు మోసే రోజు తాత తనను లేపకపోయినా నియూర్కా లేచి వెళ్లింది.

"నువ్వెందుకొచ్చావే? నేను మోసుకుంటాలే."

"వద్దు తాతా, ఇటివ్వు."

ముక్క ఎత్తగానే చీమలు మోచేతుల దాకా పాకాయి. కుట్టాయి. కళ్లలో నీళ్లు తిరిగినా నియూర్కా దులపలేదు. మెల్లగా తీగల మధ్య పెట్టింది.

తాత వెనకే వచ్చి, వంగి, ఆ ముక్కను తిరగేసి చూశాడు. చీమలున్నాయి. రెండోదీ తిరగేశాడు. మూడోదీ. ఒకప్పుడు ఈ పిల్ల చేసిన పనిని ఆయన మళ్లీ చూసుకునేవాడు కాదు.

నియూర్కా ఇంకో ముక్క పెట్టి, తాత వంగి చూసేదాకా పక్కనే నిలబడింది.