పెట్టెలో తెల్ల ఇసుక

సోమవారం పొద్దున నోలీన్ వసారా మెట్లెక్కి వచ్చేసరికి ఆమె చేతుల్లో ఒక చెక్కపెట్టె ఉంది. చంటిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పొదివి పట్టుకుంది. పెదవులు పాలిపోయి ఉన్నాయి.

“ఇందులో నా భర్త ఉండాలి. లేడు,” అంది.

లవీనియా అల్లుతున్న చాప పక్కన పెట్టి, ఆమెను కూర్చోమంది. పక్కనే చాపకు ఆకులు చీలుస్తున్న సియాలె కత్తి ఎక్కడిదక్కడ వదిలేసింది. లవీనియా రాజధానిలో పాతికేళ్ళు పోలీసుల్లో పనిచేసి, తన సొంత రేవు ఊరు నెయాఫుకి తిరిగొచ్చి సొంతంగా కేసులు చూస్తోంది. సియాలె ఆమె తమ్ముడి కూతురు. ఆ దీవుల్లో మేనత్త మాటకు ఎవరూ ఎదురు చెప్పరు. సియాలెకైతే చెప్పాలని ఎప్పుడూ అనిపించలేదు.

నోలీన్ మెల్లగా చెప్పుకొచ్చింది. భర్త కాలిన్ పోయి రెండేళ్ళయింది. ఈ దీవులకీ న్యూజిలాండ్‌కీ మధ్య, సముద్రం అన్నిటికన్నా లోతుగా ఉండే చోట తన బూడిద వదలమని అడిగాడు. అందుకే ఆమె, మరిది మర్రీ మూడు నెలలుగా తెరచాప పడవలో దీవి దీవికీ తిరిగారు. కుర్రతనంలో కాలిన్ లంగరేసిన ప్రతిచోటా లంగరేశారు. తిమింగలాలు పిల్లల్ని పక్కనేసుకుని నిద్రపోయే నీళ్ళలో రోజుల తరబడి ఊరికే కూర్చున్నారు. బుధవారం గాలి అనుకూలంగా తిరుగుతుంది. అది తప్పితే ఇక తుపాన్ల కాలమే.

“ఆయన ఉంగరం లోపల పెడదామని ఇవాళ మూత తీశాను. అంతా ఇసుక.”

“మూత మొదట బిగించింది ఎవరమ్మా?” అంది లవీనియా.

“నేనే, ఇంటి దగ్గర. ఏడుస్తూ బిగించాను. ఒక స్క్రూ వంకరగా దిగితే అలాగే వదిలేశాను.”

“ఇవాళ తీసేటప్పుడు ఎలా ఉన్నాయి?”

నోలీన్ ఆలోచించింది. “నాలుగూ తిన్నగా ఉన్నాయి. తలల మీది గాడులన్నీ గీత గీసినట్టు ఒకే వైపుకి. అప్పుడు పట్టించుకోలేదు.”

“ఎవరి మీదైనా అనుమానమా?”

“అనుమానమేంటి, పౌలియాసే! గురువారమంతా మా పడవలో ఒక్కడే కూర్చుని తెరచాప కుట్టాడు. కాలిన్‌ని తన తల్లి సమాధిలో పెట్టమని రెండుసార్లు అడిగాడు. నేను ఒప్పుకోలేదు. ఇందాకే రేవులో అందరి ముందూ దొంగా అని అరిచేశాను.”

పౌలియాసి చర్చి పాటల బృందానికి పెద్ద. యాభై ఏళ్ళ కిందట ఇక్కడ జబ్బుపడ్డ కుర్ర కాలిన్‌ని వాళ్ళమ్మే మూడు నెలలు సాకి బతికించింది. చనిపోయినవాణ్ణి దొంగిలించాడన్న మాట పడితే ఈ ఊళ్ళో ఆయన తలెత్తుకు తిరగలేడు.

లవీనియా ఇసుకను చాప మీద పోసి వేళ్ళతో పరిచింది. తెల్లటి ఇసుకలో నున్నటి నల్లరాయి ఒకటి బయటపడింది. చింతగింజంత ఉంది.

“ఇది మన ఒడ్డున దొరుకుతుందా అమ్మాయ్?”

“లేదత్తా. అగ్నిపర్వతం దీవి నుంచి తెప్పిస్తారు, సమాధుల మీద పేర్చడానికి.”

లవీనియా ఆ రాయిని నడుముకు చుట్టుకున్న గుడ్డ అంచున ముడేసుకుంది.

*

రేవు నీళ్ళు అద్దంలా ఉన్నాయి. సియాలె నడుపుతున్న చిన్న బోటు కింద నీలిరంగు లోతు, అందులో మెల్లగా జరిగిపోయే చేపల నీడలు. పడవలు గాలి కోసం ఎదురుచూస్తూ కునుకు తీస్తున్నట్టున్నాయి. ఎక్కడో ఆడవాళ్ళు బట్ట చేయడానికి చెట్టు బెరడును కొట్టి చదును చేస్తున్న చప్పుడు కొండల మీదుగా తేలివస్తోంది.

నోలీన్ వాళ్ళ పడవ లోపల మర్రీ టీ పోసిచ్చాడు. అరవై దాటిన మనిషి, పడవలు కట్టే వడ్రంగి. లోపలి చెక్కపనంతా తనే చేశాడట. సియాలె కళ్ళు గోడల మీద తిరిగాయి. పలకలకు బిగించిన స్క్రూలు వందలున్నాయి. ప్రతి గాడీ పలక పొడవునా తిన్నగా నిలిచి ఉంది.

గోడ మీద ఒక పాత ఫొటో: ఒడ్డున నిలబడి సముద్రంలోకి చూస్తున్న ఆడమనిషి.

“మీ అమ్మగారా?” అడిగింది లవీనియా.

“ఆ. నాన్న చేపలకెళ్ళి తిరిగి రాలేదు. నాకప్పుడు ఆరేళ్ళు. అమ్మ రోజూ సాయంత్రం ఒడ్డుకెళ్ళేది. ఎటు తిరిగి ఏడవాలో తెలిసేది కాదు ఆవిడకి.”

“నిన్న ఎక్కడున్నారు?”

“ఇక్కడే. వదిన చర్చికెళ్ళింది. లంగరు జారుతుందేమోనని నేను ఉండిపోయా. నిద్ర పట్టేసింది.”

“పౌలియాసి తీశాడంటారా?”

మర్రీ కప్పును బల్ల మీద అటూ ఇటూ తిప్పాడు. “ఎవరు తీస్తే ఏం లెండి. గాలి తిరగబోతోంది. ఆ ఇసుకే సముద్రంలో వదిలేస్తే వదిన మనసు కుదుటపడుతుంది.”

పౌలియాసి తన షెడ్డులో కుట్టుమిషను ముందు ఊరికే కూర్చుని ఉన్నాడు. పనిముట్ల పెట్టెకి స్క్రూలను కూడా సుత్తితోనే దిగ్గొట్టినట్టుంది. సగం బయటికి పొడుచుకొచ్చాయి.

“వచ్చావా అక్కా, బేడీలు తెచ్చావా?” అన్నాడు.

“తెస్తాలే. ముందిది చెప్పు, కాలిన్‌ని నువ్వు తీశావా?”

“నేనే తీస్తే ఇలా తీస్తానా!” పౌలియాసి లేచి నిలబడ్డాడు. “వాడు నా అన్న! పందుల్ని కోసి, మంచి చాపలు పరిచి, తెల్లవార్లూ పాడించి, ఊరంతా ఏడిస్తే అప్పుడు పూడుస్తాను. దొంగచాటుగా పెట్టడానికి వాడేమన్నా దొంగ సరుకా?”

“మీ అమ్మ సమాధి దగ్గరికి ఎప్పుడెళ్ళావు?”

“శనివారం. ఊడ్చి పూలు పెట్టొచ్చా. రాళ్ళన్నీ బాగానే ఉన్నాయి. ఏం?”

“ఏం లేదు. మిషను తొక్కు. ఊరికే కూర్చుంటే మోకాళ్ళు పట్టేస్తాయి.”

*

మంగళవారం మధ్యాహ్నం లవీనియా ముగ్గుర్నీ సమాధుల తోటకి రమ్మంది. సమాధుల తలవైపు కట్టిన రంగుల దుప్పట్లు గాలికి ఊగుతున్నాయి. పౌలియాసి తల్లి సమాధి మీద తెల్ల ఇసుక, దాని మీద నల్లరాళ్ళ వరుసలు.

“కాలిన్ ఇక్కడే ఉన్నాడు,” అంది లవీనియా.

నోలీన్ పౌలియాసి వైపు చప్పున తిరిగింది. లవీనియా చెయ్యెత్తి ఆపింది.

“తొందరపడకమ్మా. పెట్టెలో దొరికిన నల్లరాయి ఇలాంటి సమాధి మీదిదే. ఎవరో ఇక్కడ గుంట తీసి, బూడిద పోసి, మిగిలిన ఇసుకతో పెట్టె నింపారు. ఒక రాయి పొరపాటున అందులో పడింది. శనివారం పౌలియాసి వచ్చినప్పుడు రాళ్ళు సరిగ్గానే ఉన్నాయి. సోమవారం పెట్టెలో ఇసుక తేలింది. మధ్యలో ఉన్నది ఆదివారం. ఆ పూట ఊరంతా చర్చిలోనే ఉంటుంది. ఆదివారం మేం ఏ పనీ ముట్టుకోం, ఆ రోజు మట్టి తవ్వేవాడు మా ఊరివాడు కాడు. పాట లేకుండా, చాప పరవకుండా మనిషిని పూడ్చేవాడు అసలే కాడు.”

“పౌలియాసి అబద్ధం చెప్పుండొచ్చుగా?” అంది నోలీన్. గొంతులో మునుపటి పట్టు లేదు.

“చేతులు అబద్ధం చెప్పవు. నువ్వు వంకరగా బిగించిన స్క్రూని ఎవరో తీసి, సరిచేసి, నాలుగు గాడుల్నీ ఒకే వైపుకి తిప్పారు. పౌలియాసి స్క్రూ బిగించడం నువ్వు చూళ్ళేదుగానీ, చూస్తే నవ్వొస్తుంది. ఇప్పుడిటు చూడు. ఈ మూలన చేతివెడల్పు మేర రాళ్ళు మాత్రం మొనలన్నీ ఒకే దిక్కుకి తిప్పి పేర్చి ఉన్నాయి. మిగతావి ఎటుపడితే అటే. అలా పెట్టాలని ఆ వడ్రంగి అనుకోలేదు. దాచాలనుకున్నా ఆ చేతులు ఊరుకోలేదు.”

మర్రీ టోపీ తీసి రెండు చేతుల్లో నలుపుతున్నాడు.

“వదినా,” అన్నాడు చివరికి. “లోతైన చోట అన్నప్పుడల్లా నాకు నిద్ర పట్టేది కాదు. నాన్న ఎక్కడున్నాడో ఇప్పటికీ తెలీదు. అన్న కూడా అలా పోతే... నువ్వు ఎటు తిరిగి ఏడుస్తావనిపించింది. ఇక్కడైతే ఆ తల్లి పక్కనుంటాడు. ఇంటికెళ్ళాక మెల్లగా చెబుదామనుకున్నా. నువ్వు పెట్టె తెరుస్తావనుకోలేదు.”

“నన్ను అడగలేకపోయావా?”

“అది అన్న కోరిక. కాదనడానికి నేనెవర్ని?”

“మరి నిన్న రేవులో నేను ఈయన్ని దొంగా అంటుంటే పక్కనే ఉన్నావుగా?”

మర్రీ టోపీ కింద పెట్టాడు. నడిచివెళ్ళి పౌలియాసి ముందు మోకాళ్ళ మీద కూర్చుని తల వంచాడు. ఆ ఊళ్ళో తప్పు ఒప్పుకునే పద్ధతి అదేనని ఈ మూడు నెలల్లో ఎక్కడ చూశాడో మరి. నోలీన్ కూడా అతని పక్కనే కూర్చుంది.

పౌలియాసి ఇద్దరి భుజాల మీదా చేతులు వేశాడు.

“లేవండి,” అన్నాడు. “రేవులోనే అన్నావు గనక, రేవులోనే కాదని చెప్పమ్మా. అది చాలు నాకు.” తర్వాత మర్రీని చూశాడు. “నువ్వు మాత్రం నా పక్కన నిలబడు, చెప్పేటప్పుడు.”

“నిలబడతాను.”

నోలీన్ కళ్ళు తుడుచుకుని లవీనియా వైపు చూసింది. “నేను ఆయనకి మాటిచ్చాను. ఇప్పుడేం చెయ్యను? ఇసుకలో కలిసిపోయాడు.”

“అది నేను తేల్చేది కాదు తల్లీ. సమాధి పౌలియాసి వాళ్ళది.”

పౌలియాసి వంగి ఆ మూలన రాళ్ళు పక్కకు తీశాడు. “నీకు కావలసినంత తీసుకెళ్ళు. మిగిలింది ఇక్కడుంటుంది. మా అమ్మ పగడపు దిబ్బ దాటి ఎక్కడికీ వెళ్ళలేదు. రెండు గుప్పిళ్ళు ఎక్కువే తీసుకో, ఆవిణ్ణీ కాస్త లోకం చూడనీ.”

నోలీన్ నవ్వబోయి ఏడ్చేసింది. ఏడుస్తూనే పెట్టె నింపింది.

*

బుధవారం ఉదయం గాలి అనుకున్నట్టే తిరిగింది. సియాలె, లవీనియా బోటులో దిబ్బ అంచు దాకా సాగనంపడానికి వెళ్ళారు.

“ఇంత జరిగాక కూడా ఆవిడ అతనితో ఎలా వెళ్తుందత్తా? పది రోజులు, వాళ్ళిద్దరే.”

“పోనీ ఆవిణ్ణే అడుగు.”

సియాలె నిజంగానే అడిగేసింది, బోటును పడవ పక్కకు చేర్చి. చుక్కాని దగ్గర కూర్చున్న నోలీన్ ఇటు వంగింది.

“ఆయన పోయిన ఈ రెండేళ్ళూ మేమిద్దరం ఒకే బల్ల దగ్గర తిన్నాం. ఒక్కసారి కూడా వాళ్ళ నాన్న సంగతి అడగలేదు నేను,” అంది. తర్వాత మరిది వైపు తిరిగింది. “మర్రీ, తాడు కట్టేసి ఇలా వచ్చి కూర్చో. మొదటి నుంచీ చెప్పు. మీ నాన్న వెళ్ళిన రోజు పొద్దున ఏం జరిగింది?”

తెరచాప నిండింది. పడవ దిబ్బ దాటి నీలంలోకి జారుకుంది. సియాలె కళ్ళు చికిలించి చూసింది. మర్రీ చేతులు తిప్పుతూ ఏదో చెబుతున్నాడు. నోలీన్ సముద్రాన్ని చూడటం లేదు. అతన్నే చూస్తోంది.