గ్లెనిస్ చెయ్యి

పోర్ట్ అడిలైడ్ రేవులో తేలిన ఇంజనీరు శవాన్ని పైకి లాగి, కాలుజారి పడ్డాడని రాసుకుని పోలీసులు వెళ్ళిపోయారు. ఏజెంట్ డారిల్ ట్రెవిన్‌కు గంటలోపే పిలుపొచ్చింది.

"హత్య," అన్నాడు చీఫ్ కియో, వేయించిన చేప ముక్క నములుతూ. "అతను చేసిన రోబో చేతి ప్రోగ్రామ్‌లోకి శత్రువుల ముఠా దూరింది. కాపీలన్నీ మాయం. మిగిలింది ఆ చేతిలో ఉన్న ప్రోగ్రామ్ ఒక్కటే. రేపు డెమోలో రక్షణ మంత్రి దానికి షేక్‌హ్యాండ్ ఇస్తాడు."

"డెమో ఆపెయ్యండి."

"ఆపితే దొంగ జారిపోతాడు. లోపల మన మనిషి ఒడెట్ ఉంది. కోడ్‌వర్డ్ పెలికాన్." కియో ఒక వాచీ తోశాడు. "ఇది నొక్కితే చేతి మెదడు బూడిద. మరీ తప్పకపోతేనే."

మంత్రి ప్రాణానికి లెక్క కట్టారు. చెయ్యి ఎవరిదో ఆ గదిలో ఎవరూ అడగలేదు.

ఏడాదిగా ట్రెవిన్ మారువేషం సహాయకుడిది. మెడ కింద కదలిక లేని గ్లెనిస్ పాస్కోకు తిండి తినిపించడం అతని పని. ఆ రోబో చేతిని తయారుచేసే షెడ్డులో ఇంజనీర్లు గీసిందాన్ని గ్లెనిస్ లాంటివాళ్ళు పక్కన కూర్చుని తిట్టి తిట్టి దిద్దేవాళ్ళు. "స్పూను నా నోట్లో కుక్కొద్దు. పెదాల దగ్గర ఆగాలి. మిగతా దూరం నేనే వంగి అందుకుంటా," అని ఆమె నెలల తరబడి పోట్లాడింది. చివరికి, ఆమె గడ్డంతో స్విచ్ నొక్కి నడిపే ఆ చెయ్యి ఆగడం నేర్చుకుంది.

మనిషిని అడక్కుండా ఆ మనిషికి ఏదీ చెయ్యకూడదన్నది ఆ షెడ్డు నియమం. అందుకే డెమో రోజు పొద్దున్నే ట్రెవిన్ ఉద్యోగ ధర్మం తప్పి ఆమెకు అంతా చెప్పేశాడు.

"గూఢచారివా? ఏడాదిగా నాకు చల్లారిన సూపు తాగిస్తున్నది ప్రభుత్వమా!" అని నవ్విన గ్లెనిస్ చూపు వాచీ మీద ఆగింది. "నొక్కే ముందు నన్నడుగు."

"టైముంటే..."

"టైము లేకపోయినా సరే."

మంత్రి కార్లు వచ్చాయి. ఎర్ర కోటు వేసుకుని, అత్తరు ఘుమఘుమలాడుతూ వచ్చింది ఒడెట్. ట్రెవిన్ చెవిలో "పెలికాన్" అని ఊది, తన హ్యాండ్‌బ్యాగ్‌ను గ్లెనిస్ చక్రాల కుర్చీ వెనక పిడికి తగిలించింది.

"ఏమ్మోయ్, నేనేమైనా కొక్కేన్నా?" అంది గ్లెనిస్.

"సారీ డార్లింగ్!"

ట్రెవిన్ కళ్ళు ఆ సంచీ మీదే ఆగిపోయాయి. తమ్ముడు చక్రాల కుర్చీలోనే పెరిగాడని చెప్పుకుని ఒడెట్ ఈ షెడ్డులో చేరింది. అలాంటి ఇంట్లో పెరిగిన పిల్ల కుర్చీకి సంచీ తగిలించదు. కుర్చీ అంటే ఆ మనిషి ఒళ్ళే. తమ్ముడు అబద్ధం. మరి పెలికాన్?

అతను తేరుకునేలోగా ఆమె గది అవతలి గోడ దగ్గరుంది. లిప్‌స్టిక్ తీసింది, పెదాలకు రాసుకోలేదు. దాని అడుగు భాగాన్ని బొటనవేలితో నొక్కింది.

రోబో చెయ్యి లేచింది. దాని వేళ్ళ మధ్య సూది మెరిసింది. మంత్రి నవ్వుతూ చెయ్యి చాపాడు.

"డారిల్! గడ్డం స్విచ్ పనిచెయ్యట్లేదు!" అని అరిచింది గ్లెనిస్.

ట్రెవిన్ వేలు వాచీ మీదుంది. "గ్లెన్, నొక్కనా?"

ఆమె ఆ రోబో చేతి వైపు చూసింది, ఎక్కడికో వెళ్ళిపోతున్న సొంత మనిషిని చూసినట్టు.

"నొక్కు."

కమురు వాసన. సూది మంత్రి అరచేతికి వెంట్రుకవాసి దూరంలో ఆగింది. అది ఆగడం ఆ చెయ్యి నేర్చుకున్న ఆగడం కాదు. ఒడెట్ తలుపు దాటేలోగా గార్డులు పట్టుకున్నారు. వెళుతూ ఆమె అంది: "ఒక మొండి చెయ్యి కోసం అనుమతి అడిగావా, పిచ్చోడా?"

మధ్యాహ్నానికి చేతిని సాక్ష్యమని సంచిలో కట్టి పట్టుకుపోయారు. ప్రాజెక్టుకు సీలు వేశారు. గ్లెనిస్ ఏడ్చింది. కుర్చీలో వెనక్కి వాలి ఉన్న ఆమె కన్నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి.

"తుడవనా?"

"తుడువు, సన్నాసీ."

కియో ఫోన్లో భేష్ అన్నాడు. ట్రెవిన్‌కు పతకమట. సాయంత్రం మంత్రి ఆఫీసు నుంచి పెద్ద పూలగుత్తి వచ్చింది. స్వయంగా గ్లెనిస్ పాస్కో చేతికే అందించాలని గట్టి ఆర్డరట. తెచ్చిన డ్రైవరు దాన్ని పట్టుకుని చాలాసేపు ఆమె ముందు నిలబడ్డాడు.