పదకొండు మూరల గాబు

ఎర్రగట్టు రాజధానిలో ఊరు ఊరంతా కన్నబిడ్డల పేర్లు మరిచిపోయింది. ఇదంతా రాక్షసుడి పని అని గుహల అధికారులు దండోరా వేయించారు. అబద్ధం. రాక్షసుడు చేసింది సగమే. మిగతా సగం మీరు చేశారు, అధికారుల్లారా. కొండ వెనక ద్వారం గుండా ఒక్కసారైనా లోపలికి పోని మీరు, ఆ దారిన పోయేవాడికి ఆజ్ఞాపత్రం రాసిచ్చారు. పిల్లలూ, జరిగింది జరిగినట్టు చెబుతాను, వినండి.

ఊరి పక్క కొండలో మూడు గుహలు, గుహకొక రాతిగాబు ఉన్నాయి. ఒకటి బతికున్న గాబు. అందులో నీళ్ళు ఎలా ఉంటే ఊరి జ్ఞాపకం అలా ఉంటుంది, ఊరు కొత్తగా తెలుసుకున్నదీ ఆ నీళ్ళలో చేరుతుంది. ఇంకోటి ఏడేళ్ళ కిందట దానికి తీసిన నకలు. మూడోది ఈ ఏడాది నకలు. మూడింటికీ రాతి మూతలు, మూత నడుమ పిడికిలంత బెజ్జం. మంత్రపు గొట్టం ఒక కొస ఒక గాబులో, రెండో కొస మరో గాబులో పెడితే మొదటిదానిలో ఉన్నది అచ్చంగా రెండోదానిలోకి వచ్చేస్తుంది. రెండోదానిలో అంతకు ముందున్నది ఇక ఉండదు.

గుహలకు కాపలా ఒక ముసలి ఉడుము. ముందు తెరుచుకున్న తలుపుకు 'అ' పలక, తరువాతి దానికి 'ఆ', చివరిదానికి 'ఇ' తగిలించడం దాని అలవాటు. కొండ ముందున్న రాజద్వారం గుండా పోతే తలుపులు ఎప్పుడూ ఒకే వరసలో తెరుచుకునేవి. అందుకని అధికారులు ఆ పలకలే గుహల పేర్లనుకున్నారు. వెనక ద్వారం గుండా పోతే ఆ వరస పూటకో రకంగా మారుతుందని వాళ్ళకు తెలియదు.

ఒకనాడు మరుపురక్కసుడు బతికున్న గాబులో నల్లటి విషం ఊది, రాజద్వారాన్ని బండలతో మూసేశాడు. ఊళ్ళో ఉన్నవాళ్ళందరికీ మతి పోయింది. రాజూ అధికారులూ వేటకు పోయి ఉన్నారు గనక తప్పించుకున్నారు. సున్నం పనివాడు ఓబులేసు తన కూతుళ్ళు నాంచారి, చిట్టెమ్మలతో ఊరి బయటి బట్టీ దగ్గర ఉన్నాడు. ముగ్గురూ ఇంటికి వచ్చేసరికి, మగ్గం ముందు కూర్చున్న లింగమ్మ తలెత్తి చూసి, "ఎవురు కావాల మీకు?" అని అడిగింది. నాలుగేళ్ళ చిట్టెమ్మ అమ్మ చీర కొంగు పట్టుకుంటే మెల్లగా విడిపించుకుంది.

అధికారులు ఓబులేసును పిలిచి కాగితమూ, మంత్రపు గొట్టమూ చేతిలో పెట్టారు. 'ఇ' గాబు నీళ్ళు 'అ' గాబులోకి పట్టాలి, మూతలు ముట్టరాదు, ఇంతే ఆ ఆజ్ఞ. ఓబులేసు వెనక ద్వారం గుండా పోయాడు. రాసింది రాసినట్టు చేశాడు. ఆ పూట 'ఇ' పలక విషపు గాబుకు పడింది, 'అ' ఈ ఏడాది నకలుకు పడింది. మంచి నకలు కాస్తా విషమైపోయింది. అధికారులు అతణ్ణి చెరలో వేశారు.

పన్నెండేళ్ళ నాంచారి చెరసాలకు పోయి, ఈసారి తాను పోతానని, గొట్టం తనకిమ్మని నాన్నను అడిగింది.

"పలక నమ్మొద్దు తల్లీ," అన్నాడు ఓబులేసు. "లోతు సూడు. బతికున్న గాబు పదకొండు మూరలు. నకళ్ళు తొమ్మిదే. ఆ గాబులకు సున్నం పూసినోణ్ణి నేను. నాకు తెలుసు. తెలిసి కూడా, కాగితముంది కదా అని సూళ్ళేదు."

నాంచారి గొట్టమూ, అధికారులు రాసిచ్చిన కొత్త కాగితమూ తీసుకుని, చెల్లెల్ని పొరుగూరిలో మేనత్త దగ్గర వదిలి బయలుదేరింది. ముళ్ళడవిలో ఆమె పాదాలు చీరుకుపోయాయి. ఊబి దాటేటప్పుడు నడుము దాకా దిగబడి, వేరు పట్టుకుని బయటపడింది. అవతల ఒక యోగిని గుడిసె ఉంది. వెనక ద్వారం ఆమె ఇచ్చే దీపానికి తప్ప తెరుచుకోదు.

"మీ నాయనా ఇట్లే ఆయాసపడతా వచ్చినాడు," అంది యోగిని. "దీపం తీసుకున్నాడు, మంచినీళ్ళన్నా తాగలా. నువ్వు కూచో."

నాంచారి కూర్చుంది. అమ్మ మొహం కళ్ళ ముందు ఆడుతున్నా కూర్చుంది. ఆ పూట ఆగి, తాడుకు మూర మూరకూ ముడి వేసుకుని, అప్పుడు దీపం తీసుకుని లేచింది.

ద్వారం తెరుచుకుంది. ఉడుము చరచరా పాకి పలకలు తగిలించింది. ఈసారి అధికారుల కాగితంలో 'ఆ' నుంచి 'అ' లోకి అని ఉంది. 'అ' గాబు మూత మీద మరుపురక్కసుడు కాళ్ళు ఊపుకుంటూ కూర్చున్నాడు.

"పట్టవే పిల్లా. పెద్దలు రాసిన కాగితం కన్నా నీకెక్కువ తెలుసా? మీ నాయన బుద్ధిమంతుడు, చెప్పినట్టు చేశాడు."

"కాలు తియ్. కొలవాల," అంది నాంచారి.

వాడు నవ్వి జరిగాడు. 'అ' గాబులోకి తాడు వదిలింది. తొమ్మిది ముడులు మునిగాయి, తాడు తెల్లగా పైకొచ్చింది. అదే మిగిలిన ఒక్క మంచి నకలు. కాగితం మాట వింటే అదీ పోయేది. 'ఆ' గాబులో తొమ్మిది ముడులే, తాడు నల్లగా వచ్చింది. నాన్న పాడుచేసింది అదే. 'ఇ' గాబులో పదకొండు ముడులు, అదీ నలుపే. తప్పు కొలిచానేమోనని మూడింటినీ మళ్ళీ కొలిచింది. రక్కసుడి నవ్వు ఆగిపోయింది.

గొట్టం మొదటి కొస 'అ' లో, రెండోది 'ఇ' లో పెట్టింది. నీళ్ళు తేటబడేకొద్దీ ఊరికి మతి వచ్చింది. ఊరికి మతి వచ్చేకొద్దీ రక్కసుడు పొగలా పలచబడి లేకుండా పోయాడు.

కానీ అవి ఏడేళ్ళ నాటి నీళ్ళు. నాంచారి పొరుగూరి నుంచి అత్తనూ చెల్లెల్నీ వెంటబెట్టుకుని ఇల్లు చేరి పిలిస్తే లింగమ్మ వాకిట్లోకి వచ్చి ఆమె చెంపలు తడిమింది.

"నాంచారీ, నువ్వేనా? అయిదేండ్ల పిల్లవు, ఇంత పొడుగెప్పుడైతివే?" అంది. ఆ తరువాత, అత్త చంకలోంచి చేతులు చాపుతున్న చిట్టెమ్మను చూసి, "ఈ పాపెవరు?" అని అడిగింది.

నాంచారి చెప్పింది. లింగమ్మ నమ్మలేకపోయింది, కానీ ఏడుస్తున్న పిల్లను ఒళ్ళోకి తీసుకుంది. కన్నప్పటి నొప్పి గుర్తులేదు, పెట్టిన పేరు గుర్తులేదు. పేరేమిటని పిల్లనే అడిగి తెలుసుకుంది.

రాజు నాంచారిని సభకు పిలిచి, గుహల అధికారం ఇస్తానని పట్టం కట్టబోయాడు. సభలో విందు సిద్ధంగా ఉంది. ఆమె కూర్చోలేదు.

"పట్టం తరవాత. మా నాయన్ను ఇప్పుడే వదలండి. ఉలి తెప్పించి గాబు గాబుకూ దాని పేరూ లోతూ రాతిలోనే చెక్కించండి. ఆ కాగితం రాసిన అయ్యలు అందరూ లేవండి. రేపటికి కొత్త నకలు తియ్యాల, మా అమ్మకు చిట్టెమ్మ పేరు తెలిసిన నీళ్ళతో. వెనక ద్వారం గుండా పోదాం, తాడు మీరే పట్టుకోవాల. నడవండి."