నాళసూచి అడిగే ప్రశ్న

చంద్రుడి మీద లారీలు తోలేవాళ్లంతా కావలి ఊళ్లో ఒక హాల్లో కూర్చుంటారు. 2081 నాటికి ఇందులో వింతేమీ లేదు. ఇక్కడ చక్రం తిప్పితే ఒకటింపావు సెకను తరువాత అక్కడ, బూడిదలాంటి దుమ్ములో, పది చక్రాల బండి తిరుగుతుంది. ఒక్క బండి ఆగితే వెనక నూట నలభై బండ్లు ఆగిపోతాయి. అందుకని షిఫ్టు పది గంటలూ ఎవరూ లేవరు, హాలు తలుపులు తెరవరు. నీళ్లు కూడా గొట్టంతోనే తాగుతారు.

అంతసేపు మోకాళ్లు మడిచి కూర్చుంటే కాలి సిరల్లో రక్తం నిలిచి గడ్డకడుతుంది. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోయిందంటే మనిషి దక్కడు. అందుకే డాక్టర్ హైమావతి నాళసూచిని కనిపెట్టింది. అరచేయంత వెడల్పు పట్టీ అది. పిక్కకు చుట్టుకుంటే చుట్టుకొలత, వేడి, సిరల్లో రక్తం నడక చూసి, గడ్డ ఉండే అవకాశం వందలో ఎంతో చెబుతుంది. హాల్లో ఏ ఒక్కరి అంకె యాభై దాటినా గోడకున్న మందుల పెట్టె తెరుచుకుంటుంది. అందులో పది ఇంజెక్షన్లు ఉంటాయి. తలుపులు తెరుచుకుంటాయి, అంబులెన్సు బయలుదేరుతుంది. దాటకపోతే ఏదీ కదలదు.

అయితే అంకె ఖాయం చేసే ముందు నాళసూచి ఒక ప్రశ్న అడుగుతుంది. “ఈ వాపుకు వేరే కారణం ఏదైనా ఉందా?” దెబ్బ తగిలిందో, కండ పట్టేసిందో, పురుగు కుట్టిందో యంత్రానికి తెలియదు, పక్క సీటువాళ్లకు తెలుస్తుంది. ఉందంటే అంకెలో నాలుగింట మూడు వంతులు కొట్టేస్తుంది. రోగి జవాబు మాత్రం చెల్లదు. ఆ నియమం హైమావతి పెట్టిందే. మొదటి ఏడాది కొందరు మహానుభావులు సెలవు కోసం మోకాలి కింద దారం బిగించి పిక్కలు వాచేలా చేసుకున్నారు. అప్పటినుంచి రోగి నోటి మీద ఆమెకు నమ్మకం పోయింది.

ఇప్పుడామె కావలి వచ్చింది పక్క సీటువాళ్ల సంగతి తేల్చడానికి. ఆరు నెలల్లో ముగ్గురు డ్రైవర్లు చనిపోయారు. ముగ్గురి అంకెలూ యాభైలోపే. యంత్రం దండగ అని పైవాళ్లు అంటున్నారు. పొద్దున షిఫ్టుతోపాటే లోపలికి వచ్చి, ఖాళీగా ఉన్న ఒక డ్రైవరు సీట్లో కూర్చుని, హెడ్‌ఫోన్లు చెవులకు తగిలించుకుని పాత జవాబులన్నీ వింటోంది.

“తిండెక్కువై.” “వాడికెప్పుడూ ఏదో ఒకటి.” “పని దొంగ.” “నాటకం.” “నాటకం.” మూడువేల పైచిలుకు జవాబులు. అందులో సగం ఆ ఒక్క మాటే. సాటి మనిషి కాలు ఇంత లావైతే ఒక్కడూ వంగి చూసినట్టు లేదు.

‘నా యంత్రానికి ఏ లోపమూ లేదు. దీన్ని మనుషులనుకుని ఎవరికో తగిలించాను, అదీ లోపం,’ అనుకుంది హైమావతి.

తొమ్మిదో గంట దాటాక ఆమె ఎడమ పిక్క బిగిసింది. ప్యాంటు పైకి లాగి చూస్తే కుడి పిక్క కంటే రెండు వేళ్లు లావుగా ఉంది. నొక్కితే గుంట పడింది. నిన్నంతా విమానంలో, ఇవాళంతా కుర్చీలో. సీటుకున్న పట్టీ తీసి చుట్టుకుంది.

“డెబ్బై రెండు. ఈ వాపుకు వేరే కారణం ఏదైనా ఉందా? పక్కవారు చెప్పండి.”

ఎడమ పక్క సీటు పెంచలమ్మది. చక్రం మీద నుంచి చేయి తీయకుండానే ఓరగా చూసింది.

“ఏంది, మేడమ్మకా? వాయదా మరి, ఆ బూట్లు ఎంత బిగుతుగా ఉండాయో చూడు. ఉందబ్బా, బూట్లే కారణం.”

“పద్దెనిమిది,” అంది నాళసూచి. పెట్టె కదల్లేదు.

“ఏం మాట్లాడుతున్నావు! నాకు నిజంగా గడ్డ ఉంది!”

“గడ్డ లారీ తోలేవాళ్లకు గదమ్మా వచ్చేది. మీకెందుకు వస్తాది?” పెంచలమ్మ గొంతులో కసి లేదు. ధైర్యం చెబుతున్నట్టే ఉంది. “పోయినేడు నా కాలు వాస్తే మీ మిషను పదిహేను అనింది. ఇదిగో, ఈ మస్తానయ్యే చెప్పినాడు నాటకమని. చచ్చిపోయినానా?”

“ఊరికే చెప్పలేదులే,” అన్నాడు కుడి పక్క సీటు మస్తానయ్య. “ఆ వారమంతా ఆడబిడ్డ ఇంట్లో పెళ్లికి పోవాలని ఏడస్తా ఉంటివి గదా.”

“నోరు మూసుకుని బండి చూసుకో. గుంతలో దించేవు.”

హైమావతి యంత్రాన్నే గద్దించింది. “నేను డాక్టర్ హైమావతిని. నిన్ను తయారు చేసినదాన్ని. ఆ జవాబు కొట్టెయ్.”

“మీరు ఇప్పుడు రోగి. రోగి మాట చెల్లదు.”

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. షిఫ్టు ముగియడానికి యాభై నిమిషాలుంది. ఊపిరి లోపలికి తీసుకుంటే పక్కటెముక కింద సూదితో పొడిచినట్టైంది. ఎంత కడుపుమంట వచ్చిందంటే, ఈ హాలుకు హాలు చంద్రుడి మీదే ఉండాల్సింది, గాలి లేని చోట, అనిపించింది.

“మేడం,” అన్నాడు మస్తానయ్య మెల్లగా, “నాకూ లాగతా ఉండాది పొద్దుటినుంచి. చెబితే నవ్వుతారని ఊరకున్నా.” అతని ముఖమంతా చెమట. పట్టీ బిగించుకున్నాడు.

“అరవై ఎనిమిది. ఈ వాపుకు వేరే కారణం ఏదైనా ఉందా? పక్కవారు చెప్పండి.”

అతనికి దగ్గరగా ఉన్నది హైమావతే. ఆమె అతని కాలు చూడలేదు, ముఖం చూసింది. ఇందాక పెంచలమ్మను ఎగతాళి చేసిన ముఖం. తన బాధ చూసి, ‘నాకూ’ అంటూ వచ్చిన ముఖం.

“నాటకం,” అంది.

“పదిహేడు,” అంది నాళసూచి.

అప్పుడామె గోడకున్న పెట్టె వైపు చూసింది. లేదు అని ఒక్క మాట అని ఉంటే అది తెరుచుకునేది. ఇంజెక్షన్ అతనికీ అందేది, తనకూ అందేది. అంకె ఖాయమైపోయింది.

“బాగా చెప్పినారు మేడమ్మా,” అంది పెంచలమ్మ, తెర మీద నుంచి చూపు తిప్పకుండా. “వీళ్లకు అట్టనే చెప్పాల.”